అయిదు వందల సీట్ల హాలు కన్నా ముందు కట్టాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమలాపురం దగ్గర మీ ఊళ్లో నలభై ఏళ్లుగా కళాసమితి నడుస్తోంది. ఇప్పుడున్నది ఒక రేకుల షెడ్డు, పక్కన ఒక గది. ఊరి పెద్ద ఒకాయన రోడ్డు పక్క 40 సెంట్ల పొలం ఇచ్చారు. విరాళాలు, పాత డిపాజిట్లు కలిపితే కోటీ ఇరవై లక్షలు తేలాయి. కమిటీలో ఎక్కువమంది 500 సీట్ల ఏసీ ఆడిటోరియం అంటున్నారు. మీకు మాత్రం లోపల టెన్షన్‌గా ఉంది. ఏం కట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో సివిల్ పనులు చేయించాను. అన్నేళ్లూ సాయంత్రాలు నాటకాలకి లైటింగ్ చూశాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ తెలిసిన ప్రశ్న. మీ టెన్షన్‌లో న్యాయం ఉందండీ. ఆ డబ్బుతో ఆ హాలు రాదు. అప్పో సప్పో చేసి కట్టినా మీ కళాకారులకు రోజూ పనికొచ్చేది అది కాదు.

ముందు లెక్క చూడండి. జాతీయ భవన నియమావళి ప్రకారం కుర్చీలు వేసి కూర్చునే సభాస్థలంలో మనిషికి 0.6 చదరపు మీటరు లెక్కన చూస్తారు. 500 మందికి 300 చదరపు మీటర్లు, అంటే సుమారు 3,230 చదరపు అడుగులు. ఇది కూర్చునే చోటు మాత్రమే. స్టేజి, రెండు పక్కల నటులు నిలబడే వింగులు, వేషం వేసుకునే గ్రీన్ రూములు, వరండా, మరుగుదొడ్లు, జనరేటర్ గది, మంటలొస్తే బయటపడే దారులు కలిపితే తొమ్మిది పది వేల అడుగులకు పోతుంది. ఇక ఏసీ సంగతి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 500 మంది అంటే 50 కిలోవాట్లు. ఆ ఒంటి వేడి తియ్యడానికే 14 టన్నుల ఏసీ కావాలి. పైకప్పు నుంచి దిగే వేడి, స్టేజి లైట్లు, తలుపు తీసినప్పుడల్లా లోపలికొచ్చే మన ఉక్క దీనికి అదనం. ఆ కరెంటు బిల్లు కట్టలేక ఏడాదికి పది రోజులు తెరిచి మిగతా రోజులు తాళం వేసుకున్న హాళ్లు నేను చూశాను. తాళం వేసిన హాల్లో చెద పడుతుంది, తెరలు బూజు పడతాయి. మూడేళ్లకి మళ్లీ చందాలు ఎత్తాల్సి వస్తుంది.

అందుకని ప్లాను గీయించకముందే ఒక పని చెయ్యండి. వారానికి ఏడు గళ్లు, రోజుకి ఉదయం నుంచి రాత్రి వరకు గంటలు పెట్టి ఒక పెద్ద పట్టీ గీయండి. మీ దగ్గర నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, ఆడేవాళ్లు, వాయించేవాళ్లు అందరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏ గంట కావాలో అందులో రాయించండి. తల మీద గరగ పెట్టుకుని ఆడే పక్క ఊళ్లోని గరగల బృందాన్నీ, వీరభద్రుడి పేర ఆడే వీరనాట్యం వాళ్లనీ కూడా పిలవండి. వాళ్లు మీ సభ్యులు కాకపోయినా సరే. నేను ఇలా చేయించిన చోట్లన్నిటిలో ఒకే రకం బొమ్మ తేలింది. పొద్దున పది నుంచి మూడు దాకా గది ఖాళీ. నాలుగున్నరకి పిల్లల కూచిపూడి, అదే సమయానికి వీణ క్లాసు. ఎనిమిది దాటాక నాటకం వాళ్లు వస్తారు, ఎందుకంటే వాళ్లలో ఒకరు బడిపంతులు, ఒకరు ఎరువుల కొట్టు, ఇంకొకరు పొలం చూసుకుని రావాలి. అంటే ఇబ్బంది అంతా సాయంత్రం నాలుగు నుంచి పదకొండు మధ్యే. ఒకే గదిలో ఒకరి శబ్దం ఒకరికి అడ్డం. మీకు కావాల్సింది ఒక పెద్ద గది కాదు, ఒకదాని శబ్దం ఇంకోదానిలోకి పోని మూడు నాలుగు గదులు.

కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు అక్కడి నాటకాల్లోంచి వచ్చినవాళ్లే. అలాంటివాళ్లని తయారుచేసేది మెత్తటి కుర్చీలు కాదు, రోజూ కలిసి సాధన చేసుకునే చోటు. మీ కమిటీకి ఈ మాట చెప్పండి, వింటారు.

ఇక నేల. డెల్టాలో కట్టేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. మీది వరి పండిన పొలం. పైన నల్లటి బంకమట్టి, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. కింద కొన్ని చోట్ల మెత్తటి బురద, కొన్ని చోట్ల ఇసుక పొర. ఒకే స్థలంలో ఈ మూల ఒకలా, ఆ మూల ఒకలా ఉంటుంది. స్థలంలో మూడు చోట్ల కనీసం పది మీటర్ల లోతు బోర్లు వేయించి మట్టి పరీక్ష చేయించండి. దీనికయ్యే ఖర్చు చూసి వెనకాడకండి. ఉబ్బే నల్లమట్టికి మామూలుగా అండర్ రీమ్డ్ పైల్స్ చెబుతారు. నేలలోకి దింపే కాంక్రీటు స్తంభం అది, అడుగున బల్బులా వెడల్పవుతుంది, బల్బు వెడల్పు కాండానికి రెండున్నర రెట్లు. కానీ నీళ్లూరే బురద మట్టిలో ఆ బల్బు నిలవదు, కూలిపోతుంది. అప్పుడు ఇంకో రకం పునాది కావాలి. ఏది కావాలో పరీక్ష చూసిన ఇంజనీరు చెప్పాలి, మేస్త్రీ కాదు. ఒక ఊళ్లో మట్టి పరీక్ష లేకుండా కట్టిన డాన్సు హాల్లో రెండో ఏడాదికే గోడ మూల నుంచి కిటికీ దాకా ఏటవాలు పగులు వచ్చింది. ఆ పనిలో నేను చివర్లో చేరాను, అప్పటికి పునాది పడిపోయింది. పునాది తవ్వేముందే ఆపి పరీక్ష చేయించి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

గ్రౌండు ఎత్తు చెయ్యక తప్పదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఆ వరదకీ, 1996 నవంబరు తుపానుకీ మీ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లని అడగండి. గుడి మెట్టో, బడి గోడో చూపిస్తారు. ఆ గుర్తు నుంచి లెవల్ పట్టించి, దానికి రెండడుగులు పైన ప్లింత్, అంటే గదుల నేలమట్టం పెట్టండి. తోలించిన మట్టి ఒక వానాకాలం తడిసి దిగాలి, అప్పుడే దాని మీద ఫ్లోరింగు వెయ్యాలి. పొలాన్ని ఎత్తు చేస్తే పక్క చేను నీళ్లు ఆగిపోతాయి. మీ గట్టు వెంట మురుగు బోదె వదలండి, లేకపోతే మొదటి ఏడాదే పక్క రైతుతో తగాదా.

పని మొదలుపెట్టే కాలం కూడా ముఖ్యం. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఏప్రిల్ మధ్య నుంచి కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు నేలలో నీటిమట్టం దిగుతుంది. పునాది తవ్వకం ఆ ఆరేడు వారాల్లో పెట్టుకోండి. జూన్‌లో నీళ్లు వదిలేసరికి ప్లింత్ బీమ్ అయిపోవాలి. ఈ అదను తప్పితే మోటార్లు పెట్టి నీళ్లు తోడుతూ పని చెయ్యాలి. ఆ ఖర్చు ఎవరి అంచనాల్లోనూ ఉండదు. వాస్తు చూపించుకోవాలనుకుంటే ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే చూపించండి. పునాది పడ్డాక తలుపు మార్చమంటే ఇంజనీరుకీ పంతులుగారికీ మధ్య మీరు నలిగిపోతారు.

నేనైతే మొదటి దశలో ఇవి కడతాను: 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పుతో ఒక రిహార్సల్ హాలు, సంగీతానికి రెండు చిన్న గదులు, సామాన్ల గది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా మరుగుదొడ్లూ బట్టలు మార్చుకునే గదులూ, వెడల్పాటి వరండా, పైకప్పున్న ఆరుబయటి స్టేజి ఒకటి. ఆడిటోరియానికి స్థలం ఖాళీగా ఉంచుతాను. రేపు అటు గోడ తీసి కలుపుకునేలా బీములు ముందే పెట్టిస్తాను.

రిహార్సల్ హాలులో నేను పట్టుబట్టేవి రెండు, నేలా శబ్దమూ. టైల్స్, గ్రానైటు వెయ్యొద్దండీ. కూచిపూడి పిల్లలు ఒట్టి కాళ్లతో గంటసేపు అడుగులు వేస్తారు. గట్టి నేల మీద ఆ దెబ్బంతా మోకాలికీ మడమకీ తిరిగి తగులుతుంది. పన్నెండేళ్ల పిల్ల మోకాళ్లు పట్టుకుని కూర్చోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కాంక్రీటు మీద తేమ ఎక్కకుండా షీటు పరిచి, రబ్బరు ముక్కల మీద చెక్క పట్టీలు అడుగున్నరకొకటి వేసి, వాటిపై 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు అతుకులు కలవకుండా బిగించండి. మెరైన్ గ్రేడ్ ప్లైవుడ్ అయితే మేలు. చెక్క కిందికి గాలి ఆడేలా గోడ పక్కన అరంగుళం సందు వదలాలి. పునాది దశలోనే చెద మందు కొట్టించాలి. తర్వాత కొట్టిస్తే అంత పని చెయ్యదు. ఖర్చు టైల్స్ కన్నా ఎక్కువే, కానీ మొత్తం బడ్జెట్‌లో ఇంకేదైనా తగ్గించండి, దీన్ని తగ్గించకండి.

శబ్దం సంగతి. 14 అడుగుల ఎత్తున్న ఆ గదికి సున్నం గోడలు, టైల్స్ నేల, కిటికీలు మూసి ఉంటే చప్పట్లు కొట్టగానే మూడు నాలుగు సెకన్లు మోగుతుంది. మాట అర్థం కావాలంటే ఆ మోత ఒక సెకనుకి లోపు ఉండాలి. మనుషులు పీల్చేది పోను ఇంకా ఏడెనిమిది వందల చదరపు అడుగుల మేర శబ్దం పీల్చే కవరింగు కావాలి. సీలింగులో మూడో వంతు, వెనక గోడ మొత్తం వస్తే సరిపోతుంది. దీనికి ఖరీదైన ప్యానెళ్లు తెప్పించనక్కరలేదు. కోనసీమలో కొబ్బరి పీచు మందపాటి చాపలుగా దొరుకుతుంది. వాటిని చెక్క ఫ్రేములో బిగించి, వెనక రెండంగుళాలు ఖాళీ వదిలి, పైన గుడ్డ లాగితే బాగా పనిచేస్తుంది. అయితే పీచు అంటుకుంటే ఆగదు. మంట నిరోధక ద్రావణంలో ముంచి ఆరబెట్టాక, మీరే ఒక ముక్క బయట కాల్చి చూసి అప్పుడే బిగించండి. లైట్లకీ స్విచ్ బోర్డులకీ దూరంగా ఉంచండి. అద్దాల గోడ ఒక్క వైపే పెట్టి, నాటకం రిహార్సల్ వేళ మూసుకోవడానికి దానికి తెర వెయ్యండి.

రేకుల కప్పు మాత్రం హాలుకి వద్దు. ఒకసారి ఒక ఊళ్లో రేకుల హాల్లో పౌరాణికం ఆడుతున్నాం. పద్యం ఎత్తుకోగానే వాన దిగింది. హార్మోనిస్టు నోటు కూడా పాడేవాడికి వినపడలేదు. ఆ పెద్దాయన గొంతు చించుకుని రెండు పద్యాలు లాగి, మూడోది వదిలేసి దిగిపోయాడు. వాన ఆగాక కూడా మళ్లీ ఎక్కలేదు. ఆరు నెలలు సాధన చేసిన పద్యం అది. స్లాబు వెయ్యండి, పైన తెల్ల పూత కొట్టండి.

సామాన్ల గది అంటే మిగిలిన మూల కాదు. మన గాలిలో తేమ ఎక్కువ. మృదంగం మూత, తోలుబొమ్మ, హార్మోనియం బెల్లోసు, జరీ బట్టలు అన్నీ మొదట దెబ్బతినేది ఇక్కడే. నేలకి అడుగు ఎత్తున అరలు, బయటి గోడకి ఆనకుండా నాలుగంగుళాల సందు, గాలి తోసే ఫ్యాను, వీలైతే తేమ పీల్చే చిన్న యంత్రం (డీహ్యూమిడిఫయరు) ఉండాలి. కాకినాడ పక్క మాధవపట్నం తోలుబొమ్మలవాళ్లని పిలిపించాలనుకుంటున్నారని రాశారు. వాళ్లు వచ్చే ముందే అడిగి తెర కట్టుకునే ఫ్రేమూ, కింద కాలితో దబదబలాడించే చెక్క బల్లలూ చేయించి ఉంచండి. వాళ్లకి ఆ చప్పుడు వాద్యం లాంటిది. బొమ్మలు చుట్టకుండా పరిచి పెట్టుకునే పెద్ద సొరుగులు రెండు కూడా చేయించండి. చిత్రాల ప్రదర్శన గది గురించి కూడా అడిగారు. ఇప్పుడే వద్దంటాను. ముందు మీ కమిటీ వాళ్లు రాజమండ్రి వెళ్లి దామెర్ల రామారావు చిత్రశాల ఒకసారి చూసి రండి. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి బొమ్మలు అవి. బొమ్మలు గీయడం ఒక ఎత్తు, వాటిని ఇన్నేళ్లు కాపాడటం ఇంకో ఎత్తు. ఆ బాధ్యత ఎత్తుకునే మనిషి దొరికినప్పుడు గది కట్టండి. ఈలోపు వరండా గోడకి ఉత్తరపు వెలుతురు వచ్చేలా చూస్తే, నెలకోసారి వేలాడదీసే ప్రదర్శనకి అదే చాలు. లేసు అల్లే ఆడవాళ్లు మధ్యాహ్నం కూర్చోవడానికీ అదే వరండా సుఖం. పొద్దున పది నుంచి మూడు దాకా ఖాళీ అన్నాను కదా, ఆ గంటలు వాళ్లవి.

ఆరుబయటి స్టేజి 30 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు, మూడడుగుల ఎత్తు. పక్కల్లో చెరో పది అడుగులు ఖాళీ ఉంచండి, సెట్లు అక్కడే నిలబెట్టాలి. ప్రేక్షకుల ముఖాలకి పడమటి ఎండ కొట్టకుండా ఉత్తరానికో దక్షిణానికో స్టేజి పెట్టండి. పద్య నాటకానికి హార్మోనిస్టు కూర్చునే చోటు ముందు పక్కన, స్టేజికి ఒక మెట్టు కిందగా వదలండి. నటుడి ముఖం అతనికి కనపడాలి. పరిషత్తు పోటీల్లో ఆడే నాటకాలకి మైకులు పైనుంచి వేలాడదీస్తారు కాబట్టి ఇనుప పైపులు మూడు వరసలు అడ్డంగా బిగించి ఉంచండి, లైట్లకీ అవే. గరగలు, వీరనాట్యం స్టేజి ఎక్కే కళలు కావు, జనం చుట్టూ నిలబడి చూడాలి. వాటికోసం స్టేజి ముందు కుర్చీలు పాతకుండా చదునైన మట్టి నేల ఉంచండి, సిమెంటు చెయ్యొద్దు. డప్పుకి, డోలు సన్నాయికి బయటి గాలే బాగుంటుంది. రాత్రి పది దాటితే ఆరుబయట మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద నియమాలు చెబుతున్నాయి. పండగ రోజుల్లో అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. కాబట్టి ఆటలు ఆరున్నరకే మొదలవ్వాలి. తెల్లవార్లూ ఆడిన రోజులు నేనూ చూశాను, ఆ జ్ఞాపకం తియ్యనిదే. కానీ ఇప్పుడు పిల్లలకి పొద్దున బడి ఉంది.

గాలి గురించి మూడు ముక్కలు. మన తీరానికి డిజైనులో తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. తుపాను వేళ ఊరివాళ్లు మీ హాల్లో తలదాచుకుంటారని అనుకుంటే, ఇంజనీరుకి ముందే చెప్పండి. అలాంటి భవనాలకి ఆ గాలి వేగాన్ని 1.3తో గుణించి లెక్క కట్టాలి. స్టేజి పైకప్పు గాలికి పైకి లేవకుండా స్తంభాల అడుగున బరువైన దిమ్మలు ఉండాలి. కొబ్బరి చెట్లకి వాటి ఎత్తంత దూరం వదిలి కట్టండి.

డబ్బు విషయం. నా అంచనా ప్రకారం మొదటి దశ మట్టి, పునాదితో కలిపి 75 నుంచి 80 లక్షల్లో వస్తుంది. జిల్లా రేట్లతో మీ ఇంజనీరు చేత సరిచూపించుకోండి. సౌండు, లైట్లు, ఫ్యాన్లు, కుర్చీలకి 12 లక్షలు. ఇంకో 15 లక్షలు ముట్టుకోకుండా డిపాజిట్టు చెయ్యండి. 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి లక్షా ఐదు వేలు, కరెంటుకీ చిన్న రిపేర్లకీ సరిపోతుంది. మిగిలింది పని మధ్యలో వచ్చే ఖర్చుకి. కేంద్ర సాంస్కృతిక శాఖకి సంస్థల భవనాలకిచ్చే గ్రాంటు పథకం ఉంది, మెట్రోలు కాని చోట 25 లక్షల వరకు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల్లో కళలు, సంస్కృతి కూడా అర్హమైనవే. ఏది అడిగినా ముందు చూసేది మీ సొసైటీ రిజిస్ట్రేషను, ఆడిట్ లెక్కలు, భూమి కాగితం. ఆ 40 సెంట్లు సమితి పేర గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ అయ్యిందా? నోటిమాట మీద ఇటుక పెట్టకండి. ఇచ్చినాయన దేవుడి లాంటివారే, కానీ రేపు వాళ్ల పిల్లలు వేరే ఊళ్లో ఉంటారు.

పెళ్లిళ్లకి అద్దెకిద్దామన్న మాట తప్పకుండా వస్తుంది. నేను కాదనను, డబ్బు కావాలి. అయితే రిహార్సల్ హాలు చెక్క నేల మీద వంటపాత్ర దించారంటే అది అయిపోయినట్టే. అద్దె ఆరుబయటి స్టేజికీ గ్రౌండుకీ మాత్రమే అని సమితి నియమావళిలోనే రాయించండి. తీర్మానంగా పెడితే తర్వాతి కమిటీ మార్చేస్తుంది. ముహూర్తాలు లేని ఆషాఢం, భాద్రపదం, పుష్యం పూర్తిగా కళలకి వదిలెయ్యండి. భాద్రపదంలో పరిషత్తు పోటీలు పెట్టుకుంటే వానకి హాలు లోపల, తెరిపిస్తే బయట. పుష్యంలో ఎలాగూ సంక్రాంతి, సార్వా (మొదటి పంట) ధాన్యం డబ్బు చేతిలో ఉంటుంది, కనుమ నాటి ప్రభల తీర్థానికి ఊరు నిండుతుంది. ఏడాదికి మీ పెద్ద ఆట అప్పుడే.

ఇప్పటికి చెయ్యాల్సింది ఆ వారం పట్టీ, గిఫ్ట్ డీడ్, మట్టి పరీక్ష. మూడూ ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు అయిపోవాలి. పరీక్ష రిపోర్టు వచ్చాక, స్థలం కొలతలు, రోడ్డు ఎత్తు, పక్క బోదె ఏ దిక్కుకి పారుతుందో రాసి పంపండి. గదులు ఏవి ఎటు రావాలో కాగితం మీద గీసి ఇస్తాను.